గాజు ప్లేటు నెగెటివ్‌లు: దాచే పద్ధతి, డిజిటల్ చేసే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం వైపు అక్కడక్కడా అటకల మీద పాత ఫొటో స్టూడియోలు ఫిల్మ్‌కు బదులు ఫొటో తీసిన గాజు ప్లేట్లు ఇంకా ఉన్నాయి. స్టూడియో ఎప్పుడో మూసేశారు, ఫీల్డ్ కెమెరా ఎవరో కొనుక్కుపోయారు, ప్లేట్ల పెట్టెలు మాత్రం బరువని ఎవరూ కదపలేదు. ఇల్లు పడగొట్టే రోజున అవి పాత సామాన్ల బండి ఎక్కేస్తాయి. మీ ఊరి లైబ్రరీకో, యువజన సంఘానికో, కాలేజీ చరిత్ర విభాగానికో అలాంటి పెట్టె ఒకటి చేరితే ఏం చేయాలో మొదటి నుంచి చెబుతాను. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక గది, ఒక మంచి కెమెరా, ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు.

పెట్టె తెరవగానే అందరూ అడిగేది స్కానింగ్ గురించే. నేను మాత్రం ముందు పేర్ల గురించి అడుగుతాను. గాజు మీద ఉన్న మనిషి ఎవరో గాజు చెప్పదు. కవరు మీద పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు చెబుతాయి, పెట్టె మూత మీది చీటీ చెబుతుంది, ఒక్కోసారి పక్కనున్న ప్లేటు చెబుతుంది. ఆ వరస చెదిరిపోతే బొమ్మ ఎంత బాగా వచ్చినా అది ఎవరిదో తెలియని మొహంగా మిగిలిపోతుంది. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ప్లేటుకూ దాని పేరుకూ మధ్య ఉన్న ముడి ఊడకుండా చూసుకోండి.

పెట్టెను కదిలించక ముందు

పెట్టె ఎక్కడ ఎలా ఉందో అలాగే ఫోన్‌తో ఫొటో తీయండి. మూత తీశాక ఒకటి, పై వరస తీశాక ఒకటి, ఇలా ప్రతి పొరకూ తీయండి. ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఇచ్చి, చీటీ మీద రాసి, దారంతో కట్టండి. రబ్బరు బ్యాండు వేయొద్దు, ప్లేటు మీది బొమ్మ వెండితో ఏర్పడింది, రబ్బరులోని గంధకం దాన్ని పాడుచేస్తుంది. పెట్టెలో ప్లేట్లు ముందు నుంచి వెనక్కి ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే 1, 2, 3 అని నోటుబుక్కులో ఎక్కించండి. పెళ్ళి ఫొటోలన్నీ ఒకచోట, ఊరేగింపులన్నీ ఒకచోట సర్దేద్దామని చేతులు దురద పెడతాయి. ఆ సర్దుడు తర్వాత కంప్యూటర్‌లో ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. గాజు ప్లేట్లు ఉన్న వరస మాత్రం ఒకసారి చెడితే మళ్ళీ రాదు.

స్టూడియో వాళ్ళ ఇంట్లో ఆర్డర్ పుస్తకమో, బిల్లుల పుస్తకమో, పేజీలు ఊడిన డైరీయో ఉందేమో గట్టిగా అడగండి. ప్లేట్ల కన్నా ముందు దాన్ని అడగాలన్నది నా అభిప్రాయం. కవరు మీద ఒట్టి నంబరే ఉన్నా, ఆ పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా మనిషి పేరు, ఊరు, ఎన్ని కాపీలు, ఎంత అడ్వాన్సు అన్నీ ఉంటాయి.

కొన్ని ప్లేట్లు పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉంటాయి. ఆ కాగితం ప్లేటుకు హాని చేస్తుంది కాబట్టి విప్పాలి. అయితే దాన్ని పారేయొద్దు. పత్రిక పేరు, తారీఖు కనబడేలా ఫొటో తీసి, అదే నంబరు వేసి విడిగా ఉంచండి. ఆ ప్లేటును ఆ తారీఖున గానీ ఆ తర్వాత గానీ చుట్టారన్నంత వరకు తెలుస్తుంది. ఇల్ఫర్డ్, కొడాక్, ఆగ్ఫా పేర్లున్న అట్టపెట్టెల విషయమూ అంతే. కొత్త ప్లేట్లు వచ్చిన పెట్టెలోనే తీసిన ప్లేట్లు దాచడం స్టూడియోల అలవాటు, పైగా ఒకే పెట్టెను ఏళ్ళ తరబడి వాడేవారు. కాబట్టి పెట్టె మీది లేబుల్‌ను సాక్ష్యంగా రాసుకోండి గానీ దాన్నే తారీఖుగా వేసేయకండి.

ఇక మోసుకెళ్ళడం. హాఫ్ ప్లేటు (4¾ × 6½ అంగుళాల సైజుది) ఒక్కోటి సుమారు 100 గ్రాములు, ఫుల్ ప్లేటు 180 దాకా ఉంటుంది. 50 హాఫ్ ప్లేట్లున్న పెట్టె అంటే 5 కిలోలు. పాత అట్టపెట్టె అడుగు ఆ బరువుకు ఊడిపోతుంది, అడుగున చెయ్యి పెట్టి ఎత్తండి. ప్లేట్లు నిలబడి ఉండాలి, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే కింద ఉన్నవి పగులుతాయి. ఆటోలోనో బస్సులోనో తీసుకెళ్తుంటే పెట్టె చుట్టూ తువ్వాళ్ళు కుక్కి ఒళ్ళో పెట్టుకోండి, డిక్కీలో వేయొద్దు.

ఏ రకం ప్లేటో చూసుకోండి

మన దగ్గర దొరికేవి ఎక్కువగా జిలెటిన్ డ్రై ప్లేట్లే, అంటే గాజు మీద జిలెటిన్ పొర ఆరబెట్టి తయారుచేసినవి. 1871లో రిచర్డ్ లీచ్ మడాక్స్ జిలెటిన్ పద్ధతిని ప్రకటించాక, 1880 ప్రాంతం నుంచి ఇవి రెడీమేడ్‌గా అమ్మకానికి వచ్చాయి. వీటి గాజు మిషన్ మీద కోసినట్టు సమంగా ఉంటుంది, బొమ్మ బూడిద, నలుపు రంగుల్లో ఉంటుంది, అంచుల దగ్గర అద్దంలా నీలి వెండి మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు పాత జిలెటిన్ ప్లేటుకు ఆనవాలు, రుద్ది తీయాల్సిన మురికి అనుకోకండి.

అంతకు ముందువి 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన వెట్ కొలోడియన్ పద్ధతివి, అంటే కొలోడియన్ అనే జిగట మందు గాజు మీద పోసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసినవి. గాజు చేత్తో కోసినట్టు వంకరగా ఉండి, బొమ్మ గోధుమ రంగు వైపు మొగ్గి, ఒక మూల మందు అంటని వేలి గుర్తు లాంటిది కనిపిస్తే కొలోడియన్ అనుకోండి. అలాంటిది దొరికితే పక్కన పెట్టి వేరే గుర్తు వేయండి. దాని మీద వార్నిష్ ఉంటుంది, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది.

అదే పెట్టెలో గాజుతో పాటు ఫిల్మ్ నెగెటివ్‌లు కలిసి ఉంటే వెంటనే విడదీయండి. పాత నైట్రేట్ ఫిల్మ్ తేలిగ్గా అంటుకుంటుంది, దాన్నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న వెండి బొమ్మలనూ తింటుంది. వెనిగర్ వాసన వచ్చే అసిటేట్ ఫిల్మ్‌నూ గాజు దగ్గర ఉంచకండి.

బల్ల, చేతులు, వెలుతురు

బల్ల మీద మందపాటి తువ్వాలు, దాని మీద తెల్ల కాగితం పరవండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఉక్కగా ఉంటుంది, నిజమే, కానీ ఫ్యాను కింద పని చేస్తే దుమ్మంతా ప్లేటు మీదకే వస్తుంది, కవర్లు ఎగిరి నంబర్లు తారుమారవుతాయి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పెట్టండి, మెళ్ళో గొలుసు ఉంటే లోపలికి వేసుకోండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, నూలు గ్లవ్స్‌తో గాజు జారుతుంది. ప్లేటును రెండు చేతులతో, ఎదురెదురు అంచులు పట్టుకుని ఎత్తండి. మూల పట్టుకుంటే ఆ మూలే చేతికొస్తుంది.

కిటికీ దగ్గర ప్లేటును కాస్త వంచి చూడండి. ఒక వైపు అద్దంలా మెరుస్తుంది, అది ఒట్టి గాజు. రెండో వైపు మసకగా, వెలుతురును మింగినట్టు ఉంటుంది, అదే ఎమల్షన్, బొమ్మ ఉన్న పొర. ఆ వైపు వేలు పెట్టకూడదు.

ఇప్పుడు ఒక చిన్న టార్చి తీసుకుని, ఎమల్షన్ మీదకు పక్క నుంచి, బాగా కింద నుంచి వేసి చూడండి. ఆడవాళ్ళ బొమ్మల్లో కళ్ళ కింద, చెంపల మీద, గడ్డం దగ్గర సన్నటి పెన్సిల్ గీతలు మెరుస్తాయి. కామాల్లాగా, చుక్కల్లాగా, ఒకదానికొకటి తగలకుండా వేసిన వందల గీతలవి. మచ్చ ఉన్నచోట నెగెటివ్ పలచగా ఉంటుంది, అక్కడ పెన్సిల్‌తో నింపితే ప్రింటులో మచ్చ పోయి చర్మం నునుపుగా వస్తుంది. ఆకాశం దగ్గరో, కుర్చీ వెనకో ఎర్ర రంగు పూసి ఉండొచ్చు, నల్ల కాగితం కత్తిరించి అంటించి ఉండొచ్చు. ఇదంతా స్టూడియో ఆయన చేతి పని. ఒక్క తడి గుడ్డ వేస్తే ఆయన గంటల కొద్దీ కూర్చుని చేసిన టచింగ్ అంతా పోతుంది. కాబట్టి శుభ్రం చేసే ముందు ఈ టార్చి పరీక్ష ప్రతి ప్లేటుకూ చేసి, కనిపించింది రాయండి.

దుమ్ము తీయడం

ఎమల్షన్ వైపు రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి, అంతే. పొర గట్టిగా, ఎక్కడా లేవకుండా ఉంటే మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో తేలిగ్గా తుడవొచ్చు. కంప్రెస్డ్ గాలి డబ్బా వాడొద్దు, నోటితో ఊదొద్దు. గాజు వైపు మరీ మురికిగా ఉండి, అటు ఏ రంగూ కాగితమూ లేకపోతే, దూదిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, దాదాపు ఆరిపోయేలా పిండి, మధ్య నుంచి తుడవండి. అంచుకు అర సెంటీమీటరు ముందే ఆపేయండి. అంచు దాటి ఒక్క చుక్క అటు వైపు పాకినా జిలెటిన్ ఉబ్బి ఊడుతుంది. కాలిన్, స్పిరిట్, విబూది, నిమ్మరసం, ఇవేవీ దగ్గరకు రానీయొద్దు. అనుమానం వస్తే తుడవకుండా వదిలేయండి, దుమ్ముతోనే ఫొటో తీసుకోవచ్చు.

బూజు పట్టినవి వేరే గదిలో పెట్టి, ఎన్95 మాస్కు వేసుకుని చూడండి. ముందు వాటిని ఆరనివ్వాలి. తడి బూజును బ్రష్‌తో తాకితే పొరలోకి పూసుకుపోతుంది.

కవరు మడత

కొనే కవర్ల కంటే మీరే మడిచే నాలుగు రెక్కల కవరు మేలు. అందులో జిగురు ఉండదు, ప్లేటును లోపలికి దూర్చి గీరాల్సిన పని ఉండదు. యాసిడ్ లేని తెల్ల కాగితం కావాలి. దొరక్కపోతే రంగు వేయని నూలు గుజ్జు కాగితం తెచ్చి, కాగితంలో యాసిడ్ ఉందో లేదో చూపే పీహెచ్ పెన్‌తో ఒక మూల గీసి పరీక్షించుకోండి.

హాఫ్ ప్లేటు 4¾ × 6½ అంగుళాలు, అంటే 12 × 16.5 సెంటీమీటర్లు. కాగితం మధ్యలో 12.3 × 16.8 దీర్ఘచతురస్రం గీసి, నాలుగు వైపులా నాలుగు రెక్కలు వదిలి, మూలల్లోని నాలుగు ముక్కలు కత్తిరించేయండి. ప్లస్ గుర్తులాంటి ఆకారం వస్తుంది. మడతలు స్కేలు అంచుతో గట్టిగా నొక్కి ముందే వేసి పెట్టండి. తర్వాత, ప్లేటు ఇంకా పెట్టకముందే, బయటి రెక్క మీద మెత్తటి పెన్సిల్‌తో నంబరు రాయండి. ప్లేటు లోపల ఉండగా రాస్తే పెన్సిల్ ఒత్తిడి ఎమల్షన్ మీద పడుతుంది. ప్లేటును మధ్యలో ఎమల్షన్ పైకి ఉండేలా పెట్టి, ముందు పొట్టి రెక్కలు, తర్వాత పొడుగు రెక్కలు మూయండి. ఫుల్ ప్లేటుకు మధ్య భాగం 16.8 × 21.9 సెంటీమీటర్లు, క్వార్టర్ ప్లేటుకు 8.6 × 11.1 పెట్టుకోండి.

పాత కవరును పారేయకండి. దాని రెండు వైపులా ఫొటో తీసి, అదే నంబరు వేసి, వేరే పెట్టెలో అదే వరసలో దాచండి. పాత రాత చదవలేకపోతున్నా సరే. గొలుసుకట్టు తెలుగు, ఒరియా, పూర్వం మరాఠీకి వాడిన మోడీ లిపి చదివే పెద్దవాళ్ళు ఇంకా దొరుకుతారు.

కవర్లలో పెట్టిన ప్లేట్లను గట్టి పెట్టెలో పొడుగు అంచు మీద నిలబెట్టండి, వంటింటి స్టాండులో కంచాలు నిలబెట్టినట్టు. ప్రతి ఐదు ప్లేట్లకూ ఒక గట్టి అట్ట అడ్డం పెట్టండి. పెట్టెలో ఖాళీ మిగిలితే ముడతలు వేసిన తెల్ల కాగితంతో నింపండి, లేకపోతే వాలిపోతాయి. పెట్టె మీద "గాజు, బరువు, నిలబెట్టి ఉంచాలి" అని పెద్ద అక్షరాలతో రాయండి.

గది, తేమ, తుపాను

మన తీరంలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది, వానాకాలంలో మన ఊళ్ళలో అది 80 దాటడం మామూలే. ప్లేట్లకు 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆపేసి వెళ్ళే పద్ధతి ఏసీ లేకపోవడం కన్నా చెడ్డది. చల్లబడిన గాజు మీద రాత్రి చెమ్మ పడుతుంది.

నేను చెప్పే మార్గం ఇది. బిగుతుగా మూత పడే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. ప్లేట్ల పెట్టెను అందులో పెట్టి, పక్కన తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ సంచి, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టండి. హైగ్రోమీటర్ అంకెలు వారానికోసారి రాసుకోండి. 50 దాటితే జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టండి, 30 కిందికి పోతుంటే జెల్ తగ్గించండి. మరీ ఎండిపోయినా జిలెటిన్ గాజు నుంచి పెచ్చులుగా లేస్తుంది.

డబ్బాలు ఉంచేది స్టీలు బీరువా లోనే. చెక్క బీరువా, టేకుదైనా సరే, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కొత్తగా రంగు వేసిన బీరువా అయితే వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. వేపాకు పెట్టొద్దు, అది తేమ తెస్తుంది, కర్పూరం, నాఫ్తలీన్ ఉండలూ వద్దు. గది లోపలి గోడల వైపు ఉండాలి, స్లాబు కింద మండే పై అంతస్తు వద్దు, నీళ్ళొచ్చే కింది అంతస్తూ వద్దు. 2014 అక్టోబరు హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాం కాబట్టి బీరువాను కిటికీకి దూరంగా, నేల మీద నుంచి అడుగో అర అడుగో ఎత్తులో పెట్టండి. కెమెరా పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకుంటే తేమతో పోరు తక్కువ.

ప్లేట్లు ఎప్పుడైనా తడిస్తే, ఒకదానికొకటి అతుక్కుని ఆరిపోక ముందే విడదీయాలి. తడి జిలెటిన్ జెల్లీలా ఉంటుంది, తాకకుండా అంచులు పట్టుకుని, గోడకు ఏటవాలుగా, ఎమల్షన్ దేనికీ తగలకుండా నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, ఫ్రీజర్‌లో అసలే పెట్టొద్దు.

కెమెరాతో డిజిటల్ చేయడం

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే ముందు దాని మూతలో ఉన్న లైటు కొలవండి. ఎప్సన్ వీ600 లాంటి వాటిలో అది సన్నటి పట్టీ, హాఫ్ ప్లేటు పట్టదు. వీ850లో 8 × 10 అంగుళాల దాకా పడుతుంది. అయితే గాజును గాజు మీద పెట్టడం, మూత దించడం ప్రతిసారీ టెన్షనే. కెమెరా పద్ధతి త్వరగా అవుతుంది, ప్లేటుకూ క్షేమం.

కావలసినవి: 24 మెగాపిక్సెళ్ళు గానీ అంతకు మించి గానీ ఉన్న కెమెరా, మాక్రో లెన్సు, కెమెరాను కిందికి చూసేలా పట్టే కాపీ స్టాండు, సీఆర్ఐ (వెలుతురు రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే కొలత) 95 పైన ఉన్న ఎల్ఈడీ ప్యానెల్, పాల రంగు అక్రిలిక్ షీటు. ప్యానెల్ మీద నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో షీటును గట్టిగా నిలబెట్టండి. ఆ ఎడం వల్ల ప్యానెల్ చుక్కలు ఫొటోలో రావు. ప్లేటును గాజు వైపు షీటు మీద ఆనేలా, ఎమల్షన్ లెన్సు వైపు ఉండేలా పెట్టండి. ప్లేటు చుట్టూ మిగిలిన వెలుతురును నల్ల అట్టతో మూసేయండి, గాజు అంచులు మాత్రం నాలుగూ కనిపించాలి. స్టూడియో ఆయన అంచున గీరిన నంబరు అక్కడే ఉంటుంది.

కెమెరా, ప్లేటు సమాంతరంగా ఉన్నాయో లేదో తెలుసుకోడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ప్లేటు పెట్టే చోట చిన్న అద్దం పెట్టి లెన్సులోంచి చూడండి. లెన్సు తన ప్రతిబింబం మధ్యలోనే కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

గది చీకటి చేయండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా ఫైలు (కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ఫైలు), రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. షట్టర్ ఒక్కటే మారుస్తూ, ప్లేటులో అన్నిటికంటే పలచగా ఉన్న చోటు హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుతురు గ్రాఫ్) కుడి అంచును తాకకుండా చూసుకోండి. ఫోకస్ లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, బొమ్మను పెద్దది చేసి పెట్టాలి. మొహం మీది పెన్సిల్ గీతలు విడివిడిగా కనిపిస్తే అదే సరైన ఫోకస్. రోజూ పని మొదలుపెట్టగానే ప్లేటు లేకుండా ఒట్టి వెలుతురు ఫొటో ఒకటి తీయండి, మూలల్లో వెలుతురు తగ్గడాన్ని తర్వాత దాంతో సరిచేయొచ్చు.

24 మెగాపిక్సెళ్ళ ఫ్రేము 6000 × 4000 పిక్సెళ్ళు. హాఫ్ ప్లేటును దాంట్లో నింపితే అంగుళానికి సుమారు 800 పిక్సెళ్ళు వస్తాయి, చాలు. ఫుల్ ప్లేటుకు 600 లోపే వస్తాయి. గ్రూపు ఫొటోలో వెనక వరస మొహాలు కావాలంటే ఫుల్ ప్లేటును నాలుగు భాగాలుగా, ఒకదాని మీద ఒకటి మూడో వంతు వచ్చేలా తీసి, హ్యూగిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతికించండి. ప్రతి ప్లేటుకూ ఇది అక్కర్లేదు, ఏవి యోగ్యమో మీరే నిర్ణయించండి.

ఒక్కో ప్లేటు తీసే ముందు కవరు మీది నంబరును ఒక ఫ్రేము తీయండి. కార్డులోంచి ఫైళ్ళు కాపీ చేసేటప్పుడు పొరపాటు జరిగినా ఆ ఫ్రేము చూసి సరిదిద్దుకోవచ్చు. ఫైలు పేరులో పెట్టె నంబరు, ప్లేటు నంబరు మాత్రమే ఉండాలి. మనుషుల పేర్లు పెట్టకండి, అవి రేపు మారతాయి.

కుడి ఎడమల సంగతి

ఎమల్షన్ వైపు నుంచి తీశారు కాబట్టి బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి అడ్డంగా తిప్పాలి. తిప్పిన తర్వాత బొమ్మలోనే సాక్ష్యం వెతకండి. బోర్డు మీద అక్షరాలుంటే గొడవే లేదు. విజయనగరం గంటస్తంభం వెనక కనిపిస్తే గడియారం అంకెలు చూడండి. వీణ వాయించే మనిషైతే ఎడమ చేతి వేళ్ళు మెట్ల మీద ఉండాలి, బొబ్బిలి వీణకైనా అంతే. వయొలిన్ కమాను కుడి చేతిలో ఉండాలి. జంధ్యం ఎడమ భుజం మీదుగా దిగాలి. పైట ఒక్కదాన్నే నమ్మకండి, కుడిపైట వేసే ఇళ్ళు కూడా ఉండేవి.

నెగెటివ్‌గా తీసిన రా ఫైలును అలాగే భద్రపరచండి, దాన్నుంచి 16 బిట్ టిఫ్ (నాణ్యత తగ్గని ఫైలు) చేయండి. పాజిటివ్‌ను వేరే కాపీలో డార్క్‌టేబుల్, గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి. రంగులు వేసే, మొహాలు స్పష్టం చేసే ఏఐ యాప్‌లను ఆర్కైవ్ కాపీ మీద వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. అవి మసకగా ఉన్న కన్ను స్థానంలో ఎవరిదో కన్ను కల్పించి పెడతాయి. మనవరాలు చూసి "అచ్చం మా నాయనమ్మే" అని ఏడుస్తుంది, ఆ కళ్ళు నాయనమ్మవి కావు.

పగిలినవి, అతుక్కున్నవి

పగిలిన ముక్కలకు సెల్లోటేపు, ఫెవిక్విక్ వేయొద్దు. వెలుతురు షీటు మీద ముక్కలను వాటి స్థానాల్లో, అంచులు రాసుకోకుండా వెంట్రుకవాసి ఎడంతో పేర్చి ఫొటో తీయండి, కంప్యూటర్‌లో కలపండి. తర్వాత ఒక్కో ముక్కకు ఒక్కో కవరు మడిచి, అన్నిటికీ అదే నంబరుకు అ, ఆ, ఇ చేర్చి, పడుకోబెట్టి దాచండి. పగిలినవాటినే పడుకోబెట్టాలి, వాటి మీద ఇంకేమీ పెట్టకూడదు. రెండు ప్లేట్లు అతుక్కుపోయి ఉంటే బ్లేడుతో విడదీసే ప్రయత్నం చేయకండి. జంటగానే ఒక నంబరు ఇచ్చి, కన్జర్వేటర్ (పాత వస్తువులను బాగుచేసే నిపుణుడు) చూసే రోజుదాకా పొడిగా ఉంచండి.

పేర్లు కట్టడం

ఈ పనికి కెమెరా పనికన్నా ఎక్కువ కాలం పడుతుంది, పట్టాలి కూడా. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలు ఒక్కొక్కటీ వెతికి పోగుచేశారు. ఫొటోలకూ అలాంటి వెతుకులాటే కావాలి.

కవర్ల మీద ఊళ్ళ పేర్లు పాతవిగా ఉంటాయి. చికకోల్ అంటే శ్రీకాకుళమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చాయి. కాబట్టి ప్లేట్ల వివరాలు రాసే రిజిస్టరులో, కవరు మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి ఊరు, మండలం ఇంకో గడిలో రాయండి. ఒకటి చెరిపి ఇంకోటి రాయొద్దు.

తారీఖులను స్థానిక సంగతులతో సరిచూడండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం ఫొటో అని రాసి తారీఖు ఉంటే, అది విజయదశమి తర్వాత వచ్చిన మంగళవారమో కాదో పాత పంచాంగంలో చూడండి. కాకపోతే రాత తప్పయినా అయ్యుండాలి, అది ప్రింటు ఇచ్చిన తారీఖైనా అయ్యుండాలి. విజయనగరం సంగీత కళాశాల గ్రూపు ఫొటో అంటే 1919కి ముందుది కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు కనిపిస్తే 1900కి ముందుది కాదు. ఇలాంటివి "అంచనా" గడిలో, కారణంతో సహా రాయాలి.

పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళేటప్పుడు ఫోను కాదు, పెద్ద ప్రింటు తీసుకెళ్ళండి. ఏ4 సైజు చాలు, అక్షరాలు కనబడనివారికీ మొహం కనబడుతుంది. "ఇతనెవరు?" అని మొదలుపెడితే తెలీదంటారు. "ఈ కాసులపేరు ఏ ఇంటిదమ్మా?", "వెనక తెర మీద బొమ్మ గుర్తుందా తాతగారూ?" అని అడగండి, అక్కణ్నుంచి మాట దానంతట అదే వస్తుంది. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి, మన యాసను దిద్దొద్దు. ఎవరు చెప్పారు, ఏ తారీఖున చెప్పారు అన్నది తప్పకుండా రాయండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి.

కాపీలు, హక్కులు

24 మెగాపిక్సెళ్ళ ఫొటో 16 బిట్ రంగుల టిఫ్‌గా సుమారు 144 ఎంబీ అవుతుంది, వెయ్యి ప్లేట్లకు 144 జీబీ. మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల స్టోరేజీ మీద, ఒకటి తప్పనిసరిగా వేరే ఊళ్ళో. ఒకే తుపాను దారిలో లేని ఊరైతే ఇంకా మంచిది. రిజిస్టరును కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో కూడా ఉంచండి. డిజిటల్ అయిపోయింది కదా అని ప్లేట్లను వదిలించుకోవద్దు. రేపటి కెమెరా ఇంకా ఎక్కువ చదువుతుంది, హార్డ్‌డిస్కు కొన్నేళ్ళకే పోతుంది.

స్టూడియో కుటుంబంతో తెలుగులో ఒక కాగితం రాసుకోండి. ప్లేట్లు ఇచ్చేశారా, దాచడానికి మాత్రమే ఇచ్చారా, ప్రింట్లు ఎవరు ఇవ్వొచ్చు, వాణిజ్యానికి వాడితే ఎవరిని అడగాలి, ఇవన్నీ ఉండాలి. ఇప్పటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకు తీసినవారు చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. చట్టం సంగతి అలా ఉంచినా, చనిపోయినవారిని కూర్చోబెట్టి తీసిన చివరి ఫొటోలు, ఆసుపత్రి ఫొటోలు, పోలీసులు తీయించినవి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకుండా ఆన్‌లైన్‌లో పెట్టకండి.

ఎవరైనా తమవాళ్ళను గుర్తుపడితే ఒక ప్రింటు ఉచితంగా ఇవ్వండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో ప్లేటు నంబరు వేయండి. ఆ ఇంటి పిల్లలు ఎప్పుడో ఇంకో పేరో, ఇంకో చుట్టరికమో కనిపెడితే ఆ నంబరు చెప్పి మీ రిజిస్టరులో నేరుగా చేర్పించుకోవచ్చు.